పత్రిక వచ్చేసరికి స్కోరు పాతదే: విద్యార్థుల ఫుట్‌బాల్ మ్యాగజైన్ వెనక లెక్కలు

బడి పిల్లలు తమ ఫుట్‌బాల్ టీమ్ మీద సొంతంగా ఒక మ్యాగజైన్ వేద్దామని కూర్చుంటే, మొదటి మీటింగ్‌లో తయారయ్యే జాబితా దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మ్యాచ్ రిపోర్టులు, పాయింట్ల పట్టిక, కెప్టెన్ ఇంటర్వ్యూ, మెస్సీ మీద ఒక పేజీ, చివర్లో క్విజ్. ఎవరేం రాయాలో పంచుకుంటారు, కవర్ మీద ఎవరి ఫొటో వేయాలన్న దగ్గర కాసేపు గొడవపడతారు, అంతటితో ప్లానింగ్ అయిపోయిందనుకుంటారు. తీరా పత్రిక అచ్చయి చేతికొచ్చాక ఆటగాళ్లు తమ ఫొటో ఎక్కడుందో వెతుక్కుని, చూసుకుని, పక్కన పడేస్తారు.

రాత బాగోలేక అలా జరుగుతుందనుకుంటే పొరపాటు. మ్యాచ్ అయిన పది నిమిషాల్లో స్కోరు అందరి ఫోన్లలోకీ వెళ్లిపోతుంది. గోల్ వీడియో ఆ రాత్రికే చక్కర్లు కొడుతుంది. టర్ముకొకసారి వచ్చే పత్రిక ఆ పరుగులో ఎప్పటికీ గెలవదు. ఈ సంగతి మొదటి రోజే ఒప్పేసుకుంటే మంచిది. ఏం రాయాలి, ఎన్ని పేజీలు వేయాలి, ఏ ఫొటోలు కావాలి, డెడ్‌లైన్ ఎక్కడ పెట్టుకోవాలి అన్న ప్రశ్నలకి సగం జవాబు అక్కణ్ణుంచే వస్తుంది.

స్కోరు పోగా మిగిలేదేంటి?

మ్యాచ్ 2-1తో ముగిసిందని అందరికీ తెలుసు. ఆ రెండో గోల్ ఎలా పడిందన్నది మాత్రం గోల్ కొట్టిన పిల్లాడికి కూడా పూర్తిగా తెలియదు. వాడు చూసింది తన కాళ్ల దగ్గరికొచ్చిన బంతినీ, ఎదురుగా ఉన్న గోల్‌కీపర్‌నీ. ఆ బంతి ఎక్కడ మొదలైందో మిడ్‌ఫీల్డర్‌కి తెలుసు. డిఫెన్స్‌లో అంత ఖాళీ ఎందుకొచ్చిందో అవతలి టీమ్ డిఫెండర్‌కి తెలుసు (చెప్పడానికి ఇష్టపడకపోవచ్చు, అయినా అడగాలి). అంతకు రెండు నిమిషాల ముందు కోచ్ ఏమని అరిచాడో బెంచ్ మీద కూర్చున్నవాళ్లకి తెలుసు. ఈ నలుగురినీ విడివిడిగా అడిగి, నాలుగు మాటల్నీ ఒక మైదానం బొమ్మ చుట్టూ పేర్చితే రెండు పేజీల కథ తయారవుతుంది. ఆరు నెలల తర్వాత చదివినా అది పాతబడదు. సీజన్‌లోని ప్రతి మ్యాచ్‌కీ ఒక రిపోర్టు రాయడం కంటే ఇలా ఒక్క గోల్‌ని విప్పి చూపించడమే మేలని నా ఉద్దేశం. మిగతా ఫలితాలన్నిటినీ అరపేజీ పట్టికలో సర్దేయొచ్చు.

ఇంటర్వ్యూల సంగతీ ఇంతే. "గెలిచాక ఎలా అనిపించింది?" అని అడిగితే "చాలా హ్యాపీగా ఉంది, టీమంతా కష్టపడింది" అన్న జవాబే వస్తుంది. టీవీలో పెద్ద ఆటగాళ్లు చెప్పేదీ అదే, పిల్లలు నేర్చుకున్నదీ అక్కడే. అదే ఒక అమ్మాయిని "పెనాల్టీ కొట్టే ముందు బంతిని రెండుసార్లు సర్దావు కదా, ఏ మూలకి కొట్టాలో అప్పటికే తేల్చుకున్నావా?" అని అడిగి చూడండి. ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. ఆ తర్వాత ఆమె చెప్పేది ఇంకెవరూ చెప్పలేని మాట. ఇలాంటి ప్రశ్న వేయాలంటే ఆట నడుస్తుండగానే నోట్స్ రాసుకోవాలి. కాబట్టి రిపోర్టర్ డ్యూటీ కిక్-ఆఫ్ దగ్గరే మొదలవుతుంది.

మెస్సీ పేజీ తీసేయమంటాను. అందులో ఉండేదంతా పాఠకుడికి ముందే తెలుసు. బయటి ఫుట్‌బాల్ ప్రపంచాన్ని పత్రికలోకి తేవాలనుకుంటే అది మీ ప్రాక్టీసు గ్రౌండ్‌ని తాకేలా తేవాలి. ఉదాహరణకి హెడింగ్. పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని అమెరికా సాకర్ ఫెడరేషన్ 2015లో ప్రకటించింది. 11 నుంచి 13 ఏళ్లవాళ్లకి ప్రాక్టీసులో పరిమితి పెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 2024-25 సీజన్ నుంచి చిన్న వయసు విభాగాల్లో హెడింగ్‌ని దశలవారీగా తీసేయడం మొదలుపెట్టింది. మరి మీ ప్రాక్టీసులో వారానికి ఎన్ని హెడర్లు కొట్టిస్తున్నారు? ఎవరైనా లెక్కపెట్టారా? ఆ లెక్కతో కోచ్ దగ్గరికెళ్లి మాట్లాడితే అదొక అసలు సిసలు వ్యాసం.

సొంతంగా లెక్క తీసి రాయదగ్గ విషయం ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వయసు విభాగాలకి ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. అంతర్జాతీయ జూనియర్ టోర్నీల్లో అది జనవరి 1; ఇంగ్లండ్‌లో బడి సంవత్సరాన్ని బట్టి సెప్టెంబర్ 1. కటాఫ్ జనవరి 1 అయితే జనవరిలో పుట్టిన పిల్లాడూ, అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టిన పిల్లాడూ ఒకే విభాగంలో ఆడతారు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది తేడా. పన్నెండేళ్ల వయసులో అది చిన్న తేడా కాదు: ఎత్తు, బరువు, పరుగు అన్నీ మారిపోతాయి. సెలెక్షన్ రోజున పెద్దగా కనిపించినవాడిని తీసుకుంటారు, వాడికి ఎక్కువ కోచింగ్ దొరుకుతుంది, దాంతో నిజంగానే మెరుగవుతాడు. యూత్ అకాడమీల్లో కటాఫ్ తర్వాతి మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువమంది ఉంటారని ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. మీ స్కూల్ టీముల్లో కూడా అంతేనా? కోచ్ దగ్గర రిజిస్టర్ ఉంటుంది. పేర్లూ తేదీలూ అక్కర్లేదు, ఏ నెలలో ఎంతమంది పుట్టారో అంకెలు చాలు. పన్నెండు గీతల గ్రాఫ్ ఒకటి వేసి, పక్కన డిసెంబర్‌లో పుట్టి కూడా టీమ్‌లోకొచ్చిన ఒకరి చేత, వాళ్లు ఒప్పుకుంటే, మాట్లాడించండి. ఇరవై మంది టీమ్‌తో సూత్రాలేవీ రుజువు కావు, ఆ మాట వ్యాసంలోనే రాసేయాలి. అంకెలు అనుకున్నట్టు రాకపోతే అది కూడా వార్తే.

స్కోరుతో పోటీ పడలేని పత్రికలు తమ సందర్భాన్ని తామే పుట్టించుకోవడం కొత్తేమీ కాదు. ఏటా మేటి ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ మొదలైంది ఫ్రాన్స్ ఫుట్‌బాల్ అనే పత్రిక ఇచ్చిన అవార్డుగానే; 1956లో మొదటిసారి ఇంగ్లండ్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌కి దక్కింది. విద్యార్థుల పత్రిక కూడా ఏడాదికొకటి ఇవ్వొచ్చు. బెస్ట్ ప్లేయర్ అవార్డు కోచ్ ఎలాగూ ఇస్తాడు కాబట్టి దాని జోలికి పోకుండా, సీజన్ మొత్తంలో బెస్ట్ త్రో-ఇన్‌కో, లైన్ మీద ఆపిన బెస్ట్ షాట్‌కో ఇస్తే బాగుంటుంది.

ముందు డమ్మీ, తర్వాతే రాతలు

కొత్తగా పత్రిక వేసేవాళ్లు ముందు వ్యాసాలు రాయించేసి, ఆ తర్వాత పేజీల్లో సర్దుదామనుకుంటారు. ప్రెస్ లెక్క దానికి ఒప్పుకోదు. సన్నటి మ్యాగజైన్లకి మామూలుగా చేసేది సెంటర్ పిన్నింగ్, అంటే షీట్లని మధ్యకి మడిచి మడత మీద పిన్ను కొట్టడం. ఒక ఏ3 షీటు మడిస్తే నాలుగు ఏ4 పేజీలు వస్తాయి. కాబట్టి మొత్తం పేజీలు ఎప్పుడూ నాలుగు చొప్పునే పెరగాలి: 12, 16, 20. మీ దగ్గర 18 పేజీల మ్యాటర్ ఉంటే రెండు పేజీలు కొట్టేయాలి, లేదా ఇంకో రెండు పేజీలు ఎక్కణ్ణుంచో తేవాలి. ఆఖరి రాత్రి కూర్చుని తెచ్చే ఆ రెండు పేజీలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

అందుకే డమ్మీ, అంటే పత్రికకి ముందుగా చేసుకునే ఖాళీ నమూనా. నాలుగు తెల్లకాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడవండి. 1 నుంచి 16 వరకు పేజీ నంబర్లు వేయండి. ఇప్పుడు కాగితాలు విడదీసి చూస్తే ఒకటో పేజీ పక్కన పదహారు, రెండో పేజీ పక్కన పదిహేను ఉంటాయి. ఏ జత కూడినా 17 వస్తుంది. చూడ్డానికి ఇది పిల్లల ఆటలా ఉంటుంది గానీ డిజైన్ నిర్ణయాలు చాలా దీని మీదే ఆధారపడతాయి. ఎదురెదురుగా ఉండే పేజీల్లో 8, 9 మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చవుతాయి. మిగతా 4-5, 6-7 లాంటి జతలు వేరువేరు షీట్ల మీద అచ్చయి, పిన్ను కొట్టాకే కలుస్తాయి. కలిసేటప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతుంది. రెండు పేజీల మీదుగా సాగే పెద్ద ఫొటో, మైదానం బొమ్మ ఏదైనా ఉంటే సెంటర్ స్ప్రెడ్‌లోనే, అంటే నట్టనడిమి 8-9 జతలోనే, వేయాలనడానికి కారణం ఇదే. ఇందాక చెప్పుకున్న గోల్ కథ సహజంగా అక్కడికే వెళ్తుంది. మొత్తం కలర్‌లో వేసే స్తోమత లేకపోతే ఇదే డమ్మీ దారి చూపిస్తుంది. అన్నిటికంటే బయటి షీటూ, అన్నిటికంటే లోపలి షీటూ కలర్‌లో వేయిస్తే 1, 2, 15, 16 పేజీలతో పాటు 7, 8, 9, 10 కూడా కలర్‌లో వస్తాయి. కవరూ దక్కింది, సెంటర్ స్ప్రెడ్డూ దక్కింది. మధ్యలో ఉన్న ఎనిమిది పేజీలు బ్లాక్ అండ్ వైట్.

డమ్మీలో ప్రతి పేజీ మీదా ఏమొస్తుందో, ఎన్ని పదాలో, ఎన్ని ఫొటోలో పెన్సిల్‌తో రాసి గోడకి అంటించండి. ఏ4 పేజీలో హెడ్డింగూ ఒక మంచి సైజు ఫొటో పోగా తెలుగులో 250-300 పదాలకి మించి హాయిగా పట్టవు. ఈ సంఖ్య రాసేవాళ్లకి ముందే చెప్పాలి. చెప్పకపోతే తొమ్మిది వందల పదాలు రాసుకొస్తారు, కోస్తే అలుగుతారు, కోయకపోతే అక్షరాలు చీమల్లా అయిపోతాయి.

డెడ్‌లైన్‌ని వెనకనుంచి లెక్కేసుకోవాలి. పత్రిక చేతిలో ఉండాల్సిన రోజు నుంచి ప్రెస్‌కి కొన్ని రోజులు తీసేయండి, ప్రూఫులకి (తప్పులు దిద్దడానికి అచ్చుకి ముందు తీసే ప్రతులు) కొన్ని, పేజీ మేకప్‌కి ఒక వారం, పెద్దలెవరైనా చదివి అభ్యంతరం చెబితే మార్చుకోవడానికి ఇంకొన్ని. అందరూ వదిలేసేది ఆ ఆఖరిదే. అది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలో పేరున్న కేసే ఉంది. 1983లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ విద్యార్థి పత్రికలో టీనేజ్ గర్భాల మీద ఒకటి, తల్లిదండ్రుల విడాకుల మీద ఒకటి వ్యాసాలు పెట్టారు. ప్రిన్సిపాల్ పేజీ ప్రూఫులు చూసి అభ్యంతరపడ్డాడు. విద్యా సంవత్సరం ముగింపుకొచ్చింది, మార్పులు చేసే టైమ్ లేదనుకుని ఆ రెండు వ్యాసాలున్న రెండు పేజీలనీ మొత్తంగా తీసేయించాడు. వాటితో పాటు ఆ పేజీల్లో ఉన్న, ఏ గొడవా లేని మిగతా వ్యాసాలు కూడా పోయాయి. విద్యార్థులు కోర్టుకెళ్లారు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 మెజారిటీతో స్కూల్ పక్షానే తీర్పిచ్చింది. తీర్పు బాగుందా లేదా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. పత్రిక వేసేవాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటుంది: చేతిలో రోజులుంటే పేరాల దగ్గర తేలే గొడవ, రోజుల్లేక పేజీల దాకా పోయింది. కోచ్ అందర్నీ సమానంగా ఆడించడం లేదన్న వ్యాసం రాయబోతుంటే, చివరి మాట ఎవరిదో రాయకముందే తేల్చుకోండి. కోచ్ జవాబుకి ఆ పేజీలోనే చోటుంచండి.

పిల్లల పేర్లూ ఫొటోల విషయంలో వాదనకి తావులేదు. తల్లిదండ్రుల సంతకం ఉన్న అనుమతి పత్రం లేకుండా ఎవరి ఫొటో వేయకూడదు. యూత్ క్రీడల్లో పిల్లల భద్రత చూసేవాళ్లు సాధారణంగా చెప్పే సూత్రం, ఫొటో వేస్తే పూర్తి పేరు వద్దు, పూర్తి పేరు వేస్తే ఫొటో వద్దు అని. ప్రాక్టీసు ఏ రోజు, ఏ టైముకి, ఎక్కడ అన్న వివరాలు బయటికి పోయే పీడీఎఫ్‌లో ఉండకూడదు. పాయింట్ల పట్టిక వేసే ముందు కూడా ఒకసారి లీగ్ నియమాలు చూడండి. ఇంగ్లండ్‌లో బాగా చిన్న వయసు విభాగాల ఫలితాలు, పట్టికలు ప్రచురించకూడదని నియమమే ఉంది. గెలుపోటముల టెన్షన్ లేకుండా ఆట నేర్చుకోవాలని వాళ్ల ఉద్దేశం.

కంటికి కనిపించే పని

డిజైన్ అనగానే అందరూ టెంప్లేట్ల వైపు పరిగెడతారు. కాన్వా అనే డిజైన్ యాప్‌లో స్పోర్ట్స్ అని కొడితే మెరుపులూ, వాలుగీతలూ, నియాన్ రంగులూ వరదలా వస్తాయి. అవి ఒక పోస్టర్‌కి బాగుంటాయి, పదహారు పేజీలకి తలనొప్పి. టీమ్ జెర్సీలో ఉన్న రెండు రంగులు, నలుపు, కాగితం తెలుపు ఉంటే చాలు. హెడ్డింగ్‌కి ఒక ఫాంటు, మ్యాటర్‌కి ఒకటి.

తెలుగులో వేస్తుంటే ఒక జాగ్రత్త. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ పేజీకి సరిపోయే లైన్ స్పేసింగ్ మనకి చాలదు. 11 పాయింట్ల అక్షరానికి 16 పాయింట్ల వరకు ఇస్తే కన్ను హాయిగా జారుతుంది. పదాలు పొడుగు, లైను చివర విరవడం కష్టం. అందుకే పేజీకి మూడు కాలమ్‌లు పెట్టి రెండు వైపులా సమం చేస్తే పదాల మధ్య గుంతలు పడతాయి. రెండు కాలమ్‌లు పెట్టి, ఎడమవైపు మాత్రమే సమం చేసి వదిలేయండి. హెడ్డింగులకి రామభద్ర, మ్యాటర్‌కి మండలి లేదా నోటో తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి.

ఫొటోల దగ్గర పిల్లలకి ఎదురయ్యే సమస్య, ఆట కెమెరాకి చాలా దూరంలో జరగడం. ఫోన్‌లో జూమ్ చేసి తీసిన ఫొటోలో ఆటగాడు మచ్చలా ఉంటాడు. అచ్చుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి, అంటే ఏ4 పేజీ నిండా వేయాలంటే 2480×3508 పిక్సెళ్లు. 1600 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో ఆ లెక్కన 13.5 సెంటీమీటర్లకి మించి సాగదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి. మంచి కెమెరా ఉంటే షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతు కంటే వేగంగా, వీలైతే 1000వ వంతు పెట్టుకోండి. లేకపోతే దగ్గర్లో జరిగేవే తీయండి: త్రో-ఇన్ తీసుకునే చేతులు, కార్నర్ జెండా దగ్గర ఎదురుచూపు, హాఫ్‌టైమ్‌లో గుండ్రంగా కూర్చున్న టీమ్, మోకాలికి ఐస్ పెట్టుకున్న సబ్‌స్టిట్యూట్. మోకాళ్ల మీద కూర్చుని తీస్తే పిల్లల మొహాలు వాళ్ల ఎత్తులోనే కనిపిస్తాయి. గోల్ క్షణం ఎలాగూ వీడియోలో తిరిగింది కాబట్టి అచ్చులో అది లేకపోయినా నష్టం లేదు.

క్యాప్షన్‌ని చివర్లో రాసేస్తుంటారు, అన్నిటికంటే ముందు చదివేది దాన్నే. "బంతితో మన మిడ్‌ఫీల్డర్" అని రాస్తే ఫొటోలో కనిపించేదే మళ్లీ చెప్పినట్టు. "ఈ పాస్ తర్వాతే కాలు పట్టేసింది, మిగతా ఇరవై నిమిషాలూ కుంటుతూనే ఆడాడు" అని రాస్తే ఫొటోని మళ్లీ చూస్తారు.

మైదానం బొమ్మ గీసేటప్పుడు మీరు ఆడే మైదానమే గీయండి. అమెరికాలో 9-10 ఏళ్ల విభాగం వైపుకి ఏడుగురితో, 11-12 ఏళ్లవాళ్లు తొమ్మిదిమందితో ఆడతారు, మైదానమూ దానికి తగ్గట్టే చిన్నది. అలాంటి మ్యాచ్‌ని పెద్దవాళ్ల 105×68 మీటర్ల మైదానం మీద గీస్తే పాస్ దూరాలన్నీ అబద్ధమైపోతాయి. రెండు టీముల్నీ ఎరుపు, ఆకుపచ్చ చుక్కలతో చూపించకండి. మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి రంగుల తేడా సరిగా తెలియదు, అందులోనూ ఎక్కువగా ఈ రెండు రంగులే. ఒక టీమ్‌కి నిండు చుక్క, ఇంకో టీమ్‌కి ఖాళీ చుక్క పెడితే బ్లాక్ అండ్ వైట్ పేజీలోనూ పనిచేస్తుంది. బంతి వెళ్లిన దారికి తెగని గీత, మనిషి పరిగెత్తిన దారికి చుక్కల గీత.

ప్రెస్‌కి పంపే ఫైల్‌లో సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు సిరాల) రంగులుండాలి. స్క్రీన్ మీద మెరిసిన గడ్డి కాగితం మీద కొంచెం డల్‌గానే వస్తుంది, కంగారుపడక్కర్లేదు. పేజీ అంచుదాకా పోయే ఫొటోలకి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలాలి, అంటే ఏ4 పేజీ ఫైల్‌లో 216×303 మిల్లీమీటర్లు అవుతుంది. మడత దగ్గర ఎవరి మొహమూ పడకుండా చూసుకోండి. చిన్న అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపులో ఏ రంగు కొంచెం జరిగినా అక్షరాలు అలుక్కుపోయినట్టు వస్తాయి.

ఆఖరి ప్రూఫ్ స్క్రీన్ మీద కాకుండా అసలు సైజులో ప్రింట్ తీసి చూడాలి. రాసినవాళ్లకి తమ తప్పులు కనిపించవు కాబట్టి పేర్లూ జెర్సీ నంబర్లూ టీమ్‌లోని ఇద్దరి చేత గట్టిగా చదివించండి. ప్రెస్‌లో అచ్చుకి వాడే ప్లేటు తయారయ్యాక దిద్దడం కుదరదు. తర్వాతి సంచిక డమ్మీలో రెండో పేజీ అడుగున సవరణల కోసం ఒక నాలుగు లైన్ల చోటు ఇప్పుడే గీసి పెట్టుకోండి. ఎంత చూసినా ఒక్క నంబరైనా తప్పు పడే ఉంటుంది, ఆ నంబరు వేసుకునే పిల్లాడు దాన్ని మొదటి రోజే పట్టుకుంటాడు.